ప్రోగ్రాముల నుండి పట్టికలకు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రోగ్రాములు వ్రాసే ఉద్యోగము మాని, డేటాబేసు, బిజినెస్ ఇంటెలిజెన్స్ కాంట్రాక్టు పనిలోకి ఎందుకు దిగావని మన యువకులు నన్నడుగుతున్నారు. మాది యానాములోని కనకాలపేట. యానాముతో సహా ఫ్రెంచి స్థావరాల పాలన భారతదేశానికి సంక్రమించినది 1-11-1954న. మాకది నవంబరు ఒకటి. అమెరికా వారికి జనవరి పదకొండు. రెండూ చెల్లే తేదీలే గనుక యంత్రము కిమ్మనదు!

నా మొదటి కాంట్రాక్టులో జరిగినది ఇదే. రెండు దేశాల అమ్మకాలు ఒకే పట్టికలో చేరి నెలవారీ మొత్తాలు తారుమారయ్యాయి. పన్నెండవ తేదీ దాటిన పద్దులు మాత్రము సరిగానే ఉన్నవి. పదమూడవ నెల లేదు గదా! ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు, లెక్కే తప్పు. ప్రోగ్రాములు వ్రాసినన్నాళ్లు అది నడిస్తే చాలుననుకొన్నాను.

చెప్పడానికి జంకాను. రేపటి నుండి రావద్దంటే కాంట్రాక్టువానికి దిక్కు లేదు. సెలవు పెట్టిన గంటకు డబ్బూ లేదు. అయినా చెప్పాను. పై అధికారి ముఖము చిట్లించి, క్రిందటి సంవత్సరపు లెక్కలు కూడ తీయమన్నాడు. ఆ పనికే మరి నాలుగు నెలలు పట్టినది.

రాదలచినవారు 1970లో ఎడ్గార్ కాడ్ ప్రకటించిన పట్టికల సిద్ధాంతమును, ఎస్.క్యూ.ఎల్.ను శ్రద్ధగా నేర్వండి. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకొనండి. ఇంట్లోవారితో ముందే మాట్లాడండి; నేను ఆలస్యముగా మాట్లాడాను.