తిమింగలమును శిలీంధ్రమును

జీవులలో మిక్కిలి పెద్దది యేదియని యడిగినచో సభలోని బాలుడు సైతము నీలి తిమింగలమని చెప్పును. జంతువుల వరకు, బరువు విషయమున ఆ మాట నిజమే. నూరడుగుల పొడవు వరకు పెరుగు ఆ జంతువు 150 టన్నులకు పైగా తూగగలదు. మిర్యాలగూడ రైసుమిల్లుల ముందు నిలుచు పది టన్నుల లారీలు పదునైదింటి సరుకంత యన్నమాట! 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరము తీరమునకు నీలి తిమింగలపు కళేబరమొకటి కొట్టుకొనివచ్చినది.

అయితే వ్యాప్తిలో దానిని మించిన జీవి వేరొకటి కలదు. అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రమున, మాల్హ్యూర్ అడవి నేలక్రింద, ఆర్మిల్లేరియా అను శిలీంధ్రము సుమారు 2,385 ఎకరములు ప్రాకియున్నది. పలుచోట్ల తీసిన ముక్కలను పోల్చి, అదంతయు ఒకే ప్రాణియని శాస్త్రజ్ఞులు తేల్చిరి. దాని వయస్సు రెండువేల యేండ్లకు పైబడునని అంచనా. తొలకరికి పుట్టలమీద లేచు గొడుగులను పల్లెవారు కూరకేరుకొందురు గదా. ఆ గొడుగు కాయవంటిది, అసలు శరీరము నేలలోని సన్నని దారములే. ఆరిగాన్ శిలీంధ్రమును అట్టిదే. చెట్ల వేళ్ళను పట్టి చంపుచుండును.

చుట్టరికములో శిలీంధ్రము మొక్కలకంటె జంతువులకే దగ్గర. రెండును తమ యాహారమును తాము వండుకొనలేవు. తిమింగలము సముద్రజలమును వడగట్టి చిన్న రొయ్యలవంటి ప్రాణులను మ్రింగును. శిలీంధ్రము రసములు విడిచి, ఆహారమును బయటనే జీర్ణము చేసి పీల్చుకొనును.

మనుష్యుడు ఇరువదవ శతాబ్దమున దక్షిణ సముద్రములలో మూడు లక్షలకు పైగా నీలి తిమింగలములను చంపెను. 1966లో గాని ఆ వేటకు నిషేధము రాలేదు. అంతటి జంతువును గెలిచినవాడు, కంటికానని శిలీంధ్రమును మాత్రము గెలువలేకున్నాడు. సాగర్ ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ మాగాణులలోను, మూసీ కాలువల క్రింద సూర్యాపేట పొలములలోను వరిని పట్టు అగ్గితెగులు శిలీంధ్రపు పనియే. ఆకుపై నూలుకండె ఆకారపు మచ్చలు, నడుమ బూడిదరంగు. వెన్ను మెడకు సోకినచో మెడ విరిగి గింజ తాలగును. ఏడాది కష్టము, తెచ్చిన అప్పు రెండును అచ్చటనే నిలిచిపోవును. తిమింగలము బొమ్మను చూడని బాలుడుండడు గాని, ఈ మచ్చను గుర్తెరిగి చూచు పెద్దలు తక్కువ.

రాత్రులు చల్లబడి, మంచుకు ఆకు తడియారని దినములలో ఇది విజృంభించును. యూరియా ఎక్కువైన పైరు పచ్చగా కనబడును గాని ముందుగా దీనికి లొంగునదియు అదియే. సాంబమసూరికి తట్టుకొను శక్తి తక్కువ. కావున విత్తనశుద్ధి చేసి, నత్రజనిని దఫాలుగా వేసి, గట్లమీది గడ్డిని తీసివేయవలెను. ఆ గడ్డిలోను, కోసిన పొలపు మోళ్ళలోను శిలీంధ్రము తరువాతి పంటకై వేచియుండును.