ప్రోటీన్ పొడులు – మూత్రపిండాలు, హృదయం
(ప్రసంగ పాఠం)



వ్యాయామశాలకు వెళ్ళే యువకుల చేతులలో నేడు తరచుగా ఒక సీసా కనిపిస్తుంది. అందులో ఉండేది నీటిలోనో పాలలోనో కలిపిన వే ప్రోటీన్ పొడి. బళ్ళారి కంటోన్మెంట్ ఇందుకు మినహాయింపు కాదు.

ఈ పొడి వింత పదార్థమేమీ కాదు. పాలు విరిగినప్పుడు గడ్డ నుండి విడివడే తేటనీటిలోని మాంసకృత్తులను వడగట్టి, ఎండబెట్టి దీనిని తయారుచేస్తారు. ఆవుపాల మాంసకృత్తులలో ఇంచుమించు ఐదవ వంతు ఈ రకానివే. ఇవి త్వరగా జీర్ణమై కండరాలకు ఉపకరిస్తాయి. కనుక దీనిని విషమనడం సరికాదు, అమృతమనడమూ సరికాదు.

శరీరం వినియోగించుకోగా మిగిలిన మాంసకృత్తులలోని నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది. దానిని విసర్జించే భారం మూత్రపిండాలది. మాంసకృత్తులు అధికమైన కొద్దీ వడపోత శ్రమ పెరుగుతుంది. ఆరోగ్యవంతుని మూత్రపిండాలు సాధారణంగా దానిని ఓర్చుకుంటాయి. ఇదివరకే దెబ్బతిన్నవాటికి మాత్రం అదే శ్రమ క్షీణతను త్వరితం చేయగలదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. మూత్రపిండ వ్యాధి చాలాకాలం ఏ బాధా కలిగించక దాగి ఉంటుంది. మధుమేహమో, రక్తపోటో ఉండి పరీక్ష చేయించుకోనివాడు తాను ఆరోగ్యవంతుడననే భావిస్తాడు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలకయ్యే వ్యయం ఒక పొడి డబ్బా వెలకంటె సాధారణంగా తక్కువే.

హృదయం విషయంలో పొడికంటె దానితో కలిసి వచ్చేవాటిని ఎక్కువగా గమనించాలి. కొన్నింటిలో చక్కెర, కృత్రిమ రుచిద్రవ్యాలు ఉంటాయి. వ్యాయామానికి ముందు త్రాగే కొన్ని మిశ్రమాలలోని అధిక కెఫీన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచగలదు.

1918లో కూనూరులో మొదలై, తరువాత హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి ఆహార మార్గదర్శకాలలో ప్రోటీన్ పొడులు వాడవద్దని సూచించింది. ఆరోగ్యవంతుడైన వయోజనునికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని ఆ సంస్థ లెక్క. అనగా 60 కిలోల వ్యక్తికి సుమారు 50 గ్రాములు. కఠిన వ్యాయామం చేసేవారికి కొంత ఎక్కువ కావచ్చు.

ఆ అవసరాన్ని ఈ ప్రాంతపు వంటిల్లే తీర్చగలదు. జొన్నలో లైసిన్ అనే ఆమ్లం తక్కువ. కంది, ఉలవ, పెసర ఆ లోటును పూరిస్తాయి. 100 గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాములు, వేరుసెనగపప్పులో దాదాపు 25 గ్రాములు, ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. జొన్నరొట్టె, పప్పు, పెరుగు, గుప్పెడు వేరుసెనగలు గల భోజనం ఏ డబ్బాకూ తీసిపోదు.

పొడి తప్పనిసరి అని తోచినవారు ముందుగా మూత్రపిండాల పరీక్ష చేయించుకొని, వైద్యుని సలహా పొందడం మేలు. ఈ ఎండలలో చెమటోడ్చేవారు తగినంత నీరు త్రాగడమూ అంతే ముఖ్యం. బిడ్డ కొనితెచ్చిన డబ్బాపై ఏమి వ్రాసి ఉన్నదో తల్లిదండ్రులు చదవాలి. చదివి అర్థం చేసుకొనే నేర్పును పాఠశాల ఇవ్వాలి. 75 సంవత్సరాలుగా అక్షరం నేర్పిన పాఠశాలకు ఇది కొత్త బాధ్యత కాదు.