ఏటికి చోటు, ఊరికి రక్ష

ఈ పూట ఎరువుల సంగతి గాని, పురుగుమందుల సంగతి గాని ఎత్తడం లేదు. ఏటి సంగతి చెప్పదలచుకున్నాను. పట్టణం పక్కన పారే ఏరును బాగుచెయ్యడం మున్సిపాలిటీవారి పని గదా, అల్లూరులో కూర్చున్న మనకేమి పట్టింది అని మీకు తోచవచ్చు. పట్టింది. మనం పెన్న డెల్టాకు ఉత్తరపు చివర వున్నవాళ్లం. పైన ఏటిని ఎవరు ఏమి చేసినా, మంచైనా చెడైనా, చివరికి వచ్చి చేరేది కింది కయ్యల్లోకే.

2021 నవంబరు మీరు మరచి వుండరు. ఆ నెల 19వ తేదీన, సరిగ్గా కార్తీక పౌర్ణమి నాళ్లలో, కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. ఆ నీళ్లూ, పైన కురిసిన వాన నీళ్లూ కలిసి సోమశిలకు వచ్చాయి. పెన్నలో ప్రవాహం 5 లక్షల క్యూసెక్కులు దాటింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఈ లెక్క మనకు ఎకరాల్లో చెబితేనే బోధపడుతుంది. 5 లక్షల క్యూసెక్కుల నీరు ఒక్క సెకనులో పదకొండు ఎకరాల పైచిలుకు నేలను అడుగు మందాన ముంచుతుంది. నిమిషానికి దాదాపు 690 ఎకరాలు. మీరు తాంబూలం వేసుకునేంతలో ఒక చిన్న ఊరి ఆయకట్టంతా అయిపోతుంది. ఆనాడు నెల్లూరులో ఏటి ఒడ్డు కాలనీలు మునిగాయి, కోవూరు వైపు జాతీయ రహదారి కోసుకుపోయి రాకపోకలు నిలిచిపోయాయి, డెల్టాలో నారుమళ్లూ కొత్తగా నాటిన కయ్యలూ నీటి కిందికి పోయాయి.

అటువంటి వరద చూసినవారు ఎవరైనా మొదట అనే మాట ఒకటే: గోడ కట్టండి, ఇంకా ఎత్తున కట్టండి. ఇళ్లు వున్నచోట గోడ కావలసిందే, దానికి నేను అడ్డు చెప్పను. మన పెద్దలు కూడా పొర్లుకట్టలు వేశారు. నెల్లూరులో ఒక పేటకు ఆ పేరే నిలిచిపోయింది. అయితే పొర్లుకట్ట వేసిన పెద్దలు కట్టను ఏటి గొంతు దగ్గర వెయ్యలేదు. కొంచెం వెనక్కు జరిపి, కట్టకూ ఏటికీ నడుమ లంకభూమి వదిలారు. వరద వచ్చినప్పుడు నీరు ఆ చోటులో పరుచుకునేది, వేగం తగ్గేది, ఒండ్రు అక్కడ దించేది. ఇప్పుడు చూడండి. కట్ట లోపలే ఇళ్లు లేచాయి, మిగిలినచోట సర్కారు తుమ్మ అడవిలాగా పెరిగింది.

మీ కయ్యకు మూరెడు మడవ వుందనుకుందాం. దాన్ని జానెడు చేసి, పైనుంచి అంతే నీరు వదిలితే ఏమవుతుంది? నీరు గెనిమ పైకి లేస్తుంది, మడవ దగ్గర కోత పెడుతుంది, ఆఖరికి గెనిమ ఎక్కడ బలహీనంగా వుందో అక్కడ తెగుతుంది. ఏటి విషయమూ ఇంతే. రెండువైపులా దగ్గరగా గోడలు పెడితే ఆ ఊరు గట్టెక్కవచ్చు గాని, నీరు ఎత్తుగా, వేగంగా కిందికి వస్తుంది. అందుకని పట్టణంవారు ఏటి ఒడ్డున గోడలు కడతాము, విహారస్థలాలు వేస్తాము అన్నప్పుడు కింది రైతు అడగవలసిన ప్రశ్న ఒకటే వున్నది: వెడల్పు ఎంత మిగులుస్తారు?

ఇక్కడ హైదరాబాదు మూసీ కథ కొంత చెప్పాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది. తరువాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన ఊళ్లో గోడలతో సరిపెట్టుకోలేదు. నగరానికి పైనే నీటిని ఆపాలన్నారు. ఆ ప్రకారం మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసా నది మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. వరదా తగ్గింది, తాగునీరూ దొరికింది. ఇంతవరకు బాగున్నది. కాని పైన నీరు ఆగిన ఏటిలోకి నగరం తన మురుగును వదిలిపెట్టింది. ఏడాదంతా పారేది ఆ మురుగే. నగరానికి దిగువ గ్రామాల్లో వరి వెయ్యలేక చాలామంది రైతులు పశువుల మేతకు పారాగడ్డి వేసుకోవలసి వచ్చింది. వరదకు వైద్యం చేస్తే ఏరు బతుకుతుందని అనుకోకూడదు. రెండూ కలిపి చూడాలి.

రెండూ కలిపి చూసినచోటు కూడా వున్నది. జర్మనీ దేశంలో మ్యూనిక్ నగరం నడుమ ఈజార్ అనే నది వున్నది. దాన్ని ఎప్పుడో కాలువలాగా సూటిగా తీర్చి, ఒడ్లకు రాతికట్టడం చేశారు. 2000 నుంచి 2011 వరకు 8 కిలోమీటర్ల పొడవున ఆ కట్టడం తీసివేసి, 50 మీటర్ల వెడల్పున్న ఏటి గర్భాన్ని కొన్నిచోట్ల 90 మీటర్ల దాకా వెడల్పు చేశారు. వెనక వున్న వరదకట్టలను మాత్రం పటిష్ఠం చేశారు. వరదకు దారి పెరిగింది, గులకరాళ్ల తిన్నెలు మళ్లీ పడ్డాయి, చేపలు తిరిగి చేరాయి. మన పొర్లుకట్ట వేసినవారి ఆలోచనకు దీనికి పెద్ద తేడా నాకు కనిపించడం లేదు.

దారి తప్పిన నీరు ఏమి చేస్తుందో విజయవాడ బుడమేరు 2024లో చూపింది. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన వానకు బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్లలో వున్నది. ఆ కాలువ నీరు పోయి కలవవలసిన కృష్ణ కూడా అప్పుడే నిండుగా వున్నది. మన తీరాన కృష్ణ బదులు సముద్రం అనుకోండి. పున్నమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ. తుపాను గాలి తోడైతే సముద్రమే డ్రెయిను నోట్లోకి ఎదురు వస్తుంది. అప్పుడు వాననీరు ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగడానికి మీరు చోటు వుంచకపోతే అది వరికయ్యలో ఆగుతుంది.

పైడేరు గాని, ఊళ్ల డ్రెయిన్లు గాని, పూడిపోయిన బకింగ్‌హాం కాలువ పక్క పల్లం గాని, ఒకప్పుడు ఆ చోటు ఇచ్చినవే. రొయ్యల గుంటలు వచ్చిన తరువాత గట్లు ముందుకు జరిగాయి. గుంటలు వేసినవారు పరాయివాళ్లు కారు, మనవాళ్లే. ఒక పెద్దాయన నాతో, “ఏందయ్యా, ఏడాదికి ఒక్కసారి వచ్చే నీళ్ల కోసం నేల ఖాళీగా పెట్టుకోమంటావా?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నేను ఖాళీగా పెట్టుకోమనను. ఎండాకాలంలో అది మేతబీడుగా వుండనివ్వండి, పచ్చిగడ్డి కోసుకోండి. గట్టు మాత్రం వెయ్యవద్దు.

ఇక శుభ్రం చెయ్యడం. దీనిలో కొందరు అతిగా పోతున్నారు. యంత్రం తెచ్చి అడుగునుంచి అంచుదాకా నున్నగా గీకివేస్తున్నారు. చూడ్డానికి అందంగా వుంటుంది, మొదటి వానకే ఒడ్డు జారి లోపల పడుతుంది. తియ్యవలసింది గుర్రపుడెక్క, సర్కారు తుమ్మ, అడ్డంగా పడిన చెత్త, అడుగున చేరిన పూడిక. ఒడ్డు వాలు మీది గడ్డిని, తుంగను వుంచండి. వాటి వేళ్లే మట్టిని పట్టుకుంటాయి. బోసిగా వున్నచోట వట్టివేరు నాటండి. కట్ట మీద పెద్ద చెట్లు వద్దు. వేళ్ల వెంట నీరు దారి చేసుకుంటుంది. చెట్టు కావాలంటే కట్టకు బయట, దూరంగా వేసుకోండి. ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొక్కలు వానలకు ముందే వెతికి మట్టి కొట్టి మూసివెయ్యాలి. తుమ్మకంప వుంటే అవి కనబడనే కనబడవు.

పని సముద్రం వైపు నుంచి పైకి రావాలి. పైన ముందు తీస్తే నీరంతా వచ్చి కింద మూసుకున్నచోట నిలుస్తుంది, అక్కడి రైతు మిమ్మల్ని తిట్టుకుంటాడు. తీసిన గుర్రపుడెక్కను ఒడ్డునే పడవేస్తే వరద మళ్లీ లోపలికి లాగుతుంది. దూరంగా కుప్పవేసి, వాడిన తరువాత పేడతో కలిపి కంపోస్టు చేసుకోండి. కలుపుమందు కొట్టి పని తేల్చేద్దామనే ఆలోచన మానండి. చచ్చిన డెక్క అడుగుకు పోయి కుళ్లుతుంది, నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి, ఆ కుళ్లే మరుసటి ఏటికి పూడిక. అక్కడక్కడ లోతు మడుగులు వదలండి, వేసవిలో కొర్రమీనుకూ కొంగకూ అవే ఆధారం. ఏటి నోట మడచెట్లు వుంటే గొడ్డలి పెట్టవద్దు.

మురుగు సంగతి మన చేతిలో లేదు గాని అడిగే హక్కు వున్నది. జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ నెల్లూరు నడుమనుంచి పోయే సాగునీటి కాలువలు. అవి ఊరు దాటేసరికి ఎలా వుంటున్నాయో కింద ఆయకట్టు రైతుకు తెలుసు. ఏటిని బాగుచెయ్యడమనే పథకం ఏది వచ్చినా, గోడలకంటె ముందు మురుగుశుద్ధికి ఎంత పెట్టారో మీ నీటి వినియోగదారుల సంఘం తరఫున అడగండి.

చివరగా ఒక పని. ఎడగారు పైరుకు నీరు అవసరం తీరిన తరువాత, వానలు దిగేలోపల, మీ డ్రెయిను అసలు వెడల్పు ఎంతో గ్రామ పటంలో చూచి, సర్వేయరును తోడు తీసుకుని ఐదారుచోట్ల కొలిపించండి. హద్దురాళ్లు పాతించండి. పాతేనాడు గుంటల యజమానులను కూడా పిలవండి. వాళ్లు లేనప్పుడు పాతిన రాయి మరునాటికి అక్కడ వుండదు.