పెరటి పనిముట్లు



ముప్పదియైదు సంవత్సరములు నేను బాలురచేత అమరకోశమును వల్లెవేయించితిని. అందలి వైశ్యవర్గమున ఖనిత్రము, అవదారణము, దాత్రము, లవిత్రము అను పదములు వచ్చును. త్రవ్వునది ఖనిత్రము, కోయునది లవిత్రము, ఈ రెండు శబ్దములను పాణిని ఒక్క సూత్రముననే సాధించెను అని చెప్పి, అర్థములు వ్రాయించి, మార్కులు వేసితిని. ఆ ఖనిత్రమును చేతబట్టవలసిన అవసరము మాత్రము నాకు అఱువదియవ యేటగాని కలుగలేదు.

పాఠశాలనుండి విశ్రాంతి పొంది, గోదావరి డెల్టాలోని మా పాత యింటికి వచ్చి చేరితిని. పెరటిలో నాలుగు కొబ్బరిచెట్లును, ఒక మునగయు, అరటిపిలకలును, మోకాలెత్తు గడ్డియు నుండెను. కూలికి మనిషి దొరకుట దుర్లభమయ్యెను. పట్టణమునకు పోయి ఇనుపసామానుల దుకాణమున పదునాలుగు వస్తువులు కొని తెచ్చితిని. నేటికిని నా చేతికి వచ్చుచున్నవి వానిలో నాలుగే: పార, గునపము, కొడవలి, చేతిదంతె. మల్లెపొదకు కత్తెర యొకటి అప్పుడప్పుడు పనికివచ్చును. దోటిని వెదురుతో ఇంటనే కట్టుకొంటిని. తక్కినవన్నియు అటుకమీద విశ్రమించుచున్నవి. కొనదలచినవారు ముందు ఈ నాలుగింటిని కొని ఒక సంవత్సరము గడపి చూతురు గాక.

పారను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఒక వేసవిలో నా పార కామ వదులై ఆడజొచ్చెను. పొరుగున నున్న పెద్దమనిషి చూచి, “మాస్టారూ! రాత్రి నీళ్ళతొట్టిలో పడెయ్యండి, తెల్లారేసరికి బిగిసిపోతుంది” అనిరి. అట్లే చేసితిని, బిగిసెను. వారము దినములు చక్కగా పనిచేసెను. ఎనిమిదవనాడు అరటిపిలకను త్రవ్వుటకై పైకెత్తినంతనే పార కామనుండి ఊడి, నా తలమీదుగా వెనుకకు ఎగిరి, మట్టితో ఆడుకొనుచున్న నా మనుమనికి జానెడు దూరమున నేలలో దిగబడెను. వానికప్పుడు అయిదేండ్లు. “తాతయ్యా, మళ్ళీ వెయ్యి!” అని వాడు నవ్వినాడు. నేను అరటిబోదె నానుకొని చాలసేపు కూర్చుండిపోతిని. మూడు దినములవరకు ఆ సంగతి ఇంటిలో నోరు విప్పి చెప్పలేకపోతిని.

కారణమును మా ఊరి వడ్రంగి చెప్పెను. నీటిలో నానిన కఱ్ఱ ఉబ్బును. చుట్టును ఇనుము బిగిసియున్నందున అది వెలుపలికి వ్యాపింపజాలక, లోపలి నారలు నలిగిపోవును. మరల ఎండినప్పుడు కఱ్ఱ మునుపటికంటెను సన్నబడును. నేను బిగించితి ననుకొన్నది వదులుచేయుటయే! అందుచేత కామ వదులైనచో ఎండిన కఱ్ఱతో చీల కొట్టవలెను. చీల నిలువనిచో కామనే మార్చవలెను. కామకు నల్లతుమ్మ మంచిది. పచ్చికఱ్ఱ పనికిరాదు, అది పనిలోనే ఎండి వదులగును. పని మొదలుపెట్టుటకు ముందు కామ చివరను నేలపై రెండుమార్లు తాటించి పార కదలుచున్నదేమో చూడవలెను. పారయెత్తినవాని ముందును వెనుకను రెండు బారలలోపల పిల్ల లుండరాదు.

కూలివారి పారకు కామ పొట్టిగా నుండును. దానితో ఒక జాము వంగి పనిచేసినచో మావంటివారికి నడుము నిలువదు. కలుపు దోకుటకు వేఱుగా పొడవైన కామ వేయించుకొంటిని. నిలబెట్టినప్పుడు అది రొమ్మువరకు వచ్చును.

మాది నల్లరేగడి. వేసవిలో రాయి, వర్షాకాలమున జిగురు. ఎండిన రేగడిమీద పారతో పోరాడువాడు పారను చెఱచుకొనును, భుజమును చెఱచుకొనును. ముందటి సాయంకాలము నాలుగు బిందెల నీరు పోసి, మఱునాడు గునపముతో పెకలించినచో పని సులభమగును.

ఇక పదును. పార అంచునకు ఆకురాయి చాలును. ఆకురాయిని ముందునకు త్రోయునప్పుడే కోత యుండును. వెనుకకు రాచినచో దాని పండ్లే అరుగును. నున్నని కొడవలిని సానరాయిమీద మనమే నూరుకొనవచ్చును. కక్కు కొడవలిని మాత్రము కమ్మరికి ఇచ్చి కక్కు కొట్టింపవలెను. ఒకప్పుడు నిర్మల ప్రాంతమందలి కోనసముద్రమున కాచిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. అట్టి దేశమున నేడు కొడవలికి కక్కు వేయువాడు మూడూళ్ళకొకడు దొరకుట నాకు చింత కలిగించును. పని ముగిసినపిమ్మట మట్టి కడిగి, తుడిచి, ఇనుముపై కొబ్బరినూనె పలుచగా రాయుదును. కామకు అవిసెనూనె మేలు. అది ఆరి పొర కట్టును. ఆముదము ఆరదు, చేతికి జిడ్డగును.

ఎండుటాకులను చేతులతో ఎత్తవలదు. రక్తపింజర వాని రంగులో కలిసిపోవును. దంతెతో దూరమునుండి లాగి, కదిలించి, పిమ్మట తట్టలో వేయవలెను.

మునగచెట్టు ఎక్కి కాళ్ళు విఱుగగొట్టుకొన్నవారిని మీరందఱు ఎఱుగుదురు. దాని కొమ్మ పెళుసు. దోటి యున్నది అందులకే. విద్యుత్తీగలు సమీపమున నున్నచో లోహపు గొట్టముగాని పచ్చివెదురుగాని ఎత్తరాదు, రెండిటియందును విద్యుత్తు ప్రవహించును.

ధనుర్వాతమునకు తుప్పే హేతువని లోకులందురు. ఆ రోగబీజములు మట్టిలోను, పేడలోను ఉండును. మెఱయుచున్న కొత్త కొడవలి గాయమునుండియు శరీరమున చొరగలవు. పెరటిలో పనిచేయువారు పది సంవత్సరములకొకమారు టీకా వేయించుకొనవలెను. గాయమున మట్టి చేరినచో కడిగి, అయిదేండ్లలోపల టీకా పడినదో లేదో వైద్యునికి చెప్పవలెను.

నా మనుమడు ఇప్పుడు తనకును పార కావలెనని పట్టుబట్టుచున్నాడు. మా కమ్మరి వానికొక చిన్న తొలిక చేసియిచ్చెను. దాని తుమ్మ కామను బిగించినవాడను నేనే. ఏటేట వాడు పొడవగుచున్నందున ఏటేట దానిని మార్చవలసివచ్చుచున్నది.