వంటింటి దిమ్మెకు వీపు



ఈనాటి ఫ్లాట్లలో చాలామంది వంటింటికీ హాలుకూ మధ్య గోడ తీసేసి, అరలతో ఒక దిమ్మె పెట్టించుకుంటున్నారు. ఐలాండ్ అంటారు దాన్ని. అరలున్న వైపు మనం నిలబడతాం. ఇంటికొచ్చినవాళ్ళకు కనిపించేది దాని వీపే!

మా ఇంట్లో ఆ వెనక పలకను నేలకు ఆనించి వదిలేశారు. ఏడాది తిరక్కుండానే అడుగు ఉబ్బి, సన్మైకా లేచింది. నీళ్ళోడే గుడ్డతో తుడుస్తున్నావని పనిమనిషిని నాలుగు మాటలన్నాను. పలక ఊడదీయిస్తే తెలిసింది, కింది అంచుకు పట్టీయే లేదని!

రెండోసారి దగ్గరుండి చేయించాను. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. సన్మైకా రెండు వైపులా అంటించాలి. ఒక్కవైపే అంటిస్తే పలక వంపు తిరుగుతుంది. నాలుగు అంచులకూ పట్టీ వేయాలి, కనబడని కింది అంచుకైతే మరీ ముఖ్యం. నేలమీద నాలుగంగుళాల ఎత్తు గ్రానైటు పట్టీ వేయించి, పలకను దానిపైన నిలబెట్టించండి. మరలు అరల లోపలినుంచి బిగిస్తే బయటికి కనపడవు. పలకలు కలిసేచోట సన్నని నిలువు పట్టీ వేస్తే సందు మూసుకుపోతుంది.

కూలి ఇచ్చేముందు ఒకసారి కింద కూర్చుని, ఆ అంచును వేలితో తడిమి చూడండి.

పనిమనిషితో "తప్పు నాదేనమ్మా" అన్నాను. "రోజూ తుడిచేదాన్ని, నాకు కనపడదా అమ్మగారూ? అంచు నీళ్ళు తాగుతోందని అప్పుడే అనుకున్నా" అంది. అడిగి ఉంటే అప్పుడే చెప్పేది!

సెలవు.