తిట్టే లైనస్, నవ్వే జియా టాన్: ఓపెన్ సోర్స్‌లో మాట తీరు గొడవ

"ఓపెన్ సోర్స్‌కి కాంట్రిబ్యూట్ చేద్దామంటే అక్కడోళ్లకి పొగరు ఎక్కువ అన్నా" అని చాలామంది అడుగుతున్నారు. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు అవతలి వాళ్ల బాధ చూద్దాం. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ జేఎస్ రిపోజిటరీకి మన దేశం నుంచి స్టూడెంట్స్ వరసపెట్టి పుల్ రిక్వెస్ట్‌లు పంపారు. రీడ్‌మీ ఫైల్‌లో తమ పేరు కలపడం, అంతే. ఒక యూట్యూబ్ ట్యుటోరియల్‌లో డెమో కోసం ఆ రిపో చూపించారు, చూసినవాళ్లు చూసినట్టే చేసేశారు. మరి అవన్నీ ఒక్కొక్కటిగా క్లోజ్ చేసేదెవరు? ఎక్కువ భాగం జీతం లేకుండా, ఖాళీ టైమ్‌లో పనిచేసేవాళ్లే. వాళ్లకి విసుగు వస్తే నేనైతే పొగరు అనను.

కానీ విసుగొస్తే ఎంత మాటైనా అనేయొచ్చా? ఈ ప్రశ్న మీద పదేళ్లకి పైగా కొట్టుకుంటున్నారు. అందులో పెద్ద గొడవ లినక్స్ కెర్నల్‌ది.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టాడు. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది కూడా లినక్స్ కెర్నలే. ఆయన మెయిల్స్ ఎంత ఘాటుగా ఉండేవంటే, వాటిని జనం జోక్స్‌లా షేర్ చేసుకునేవాళ్లు. నవ్వుకోడానికి బాగానే ఉంటుంది, ఆ మెయిల్ మన పేరు మీద రానంతవరకు. 2013లో ఇంటెల్‌లో పనిచేసే యూఎస్‌బీ 3.0 డ్రైవర్ మెయింటెయినర్ ఒకరు అందరి ముందే అడిగేశారు, ఈ తిట్లు ఆపండి అని. లైనస్ ఒప్పుకోలేదు. లేని మర్యాద నటించడం నా వల్ల కాదు, నేనింతే అన్నట్టు జవాబిచ్చాడు. ఆ మెయింటెయినర్ 2015లో కెర్నల్ పని వదిలేశారు.

ఇక్కడ చాలామంది మిస్ అయ్యే పాయింట్ ఒకటుంది. తిట్టించుకుని వెళ్లిపోయినవాళ్లు ఎప్పుడూ లెక్కలోకి రారు. ఉన్నవాళ్లు మాత్రం "మేం తట్టుకున్నాం కదా, సిస్టమ్ బాగానే ఉంది" అంటారు. ర్యాగింగ్ గురించి మన కాలేజీల్లో సీనియర్లు చెప్పే లాజిక్కే ఇది కూడా. ఆఫీసుల్లోనూ వినే ఉంటారు, "ఆయన నోరు కరుకు గానీ మనసు వెన్న" అని. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఈ మాట వందసార్లు విన్నాను. కోడ్ రివ్యూలో అందరి ముందు పరువు పోయినవాడికి ఆ వెన్న ఎప్పుడు కనబడాలి?

సరే, 2018 సెప్టెంబర్ 16. లినక్స్ 4.19 ఆర్‌సీ4 రిలీజ్ చేస్తూ లైనస్ అదే మెయిల్‌లో సారీ చెప్పాడు. ఎదుటివాళ్ల ఫీలింగ్స్ అర్థం చేసుకోడానికి హెల్ప్ తీసుకుంటాను, కొన్నాళ్లు బ్రేక్ తీసుకుంటాను అన్నాడు. 2015 నుంచి ఉన్న 'కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' అనే చిన్న నోట్ తీసేసి దాని ప్లేస్‌లో కోడ్ ఆఫ్ కండక్ట్ పెట్టారు. అక్టోబర్‌లో 4.19 ఫైనల్ రిలీజ్ చేసింది గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్. లైనస్ మళ్లీ తిరిగొచ్చాడు.

గొడవ ఆగిందా? అబ్బే! ఇది రాజకీయం, ఇంక కోడ్ క్వాలిటీ పోతుంది అని కొందరు మొదలుపెట్టారు. ఇచ్చిన కోడ్ వెనక్కి తీసుకునే హక్కు మాకుంది అనే వాదన కూడా వచ్చింది. లినక్స్ ఏమీ కూలిపోలేదు, మీ ఫోన్ ఇంకా నడుస్తూనే ఉంది. అలాగని రూల్ పెట్టగానే అన్నీ సర్దుకోలేదు కూడా. 2024 నవంబర్‌లో కెంట్ ఓవర్‌స్ట్రీట్ అనే ఫైల్ సిస్టమ్ డెవలపర్ ఇంకో డెవలపర్‌తో మాట్లాడిన తీరు వల్ల, 6.13 సైకిల్‌లో ఆయన పుల్ రిక్వెస్ట్‌లు తీసుకోకుండా ఆపారు. ఆ ఫైల్ సిస్టమ్ వాడే యూజర్లకి ఏం సంబంధం అని అడిగినవాళ్లూ ఉన్నారు. అదీ న్యాయమైన ప్రశ్నే.

అయితే మర్యాదగా ఉంటే చాలు, అంతా ఓకేనా? ఇక్కడే కథ తిరుగుతుంది.

ఎక్స్‌జెడ్ అని ఒక కంప్రెషన్ టూల్ ఉంది, దాదాపు ప్రతి లినక్స్ సిస్టమ్‌లో ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి చూసుకున్నది ఫిన్లాండ్‌కి చెందిన లాసే కాలిన్ అనే ఒకే ఒక్క మనిషి. 2022లో కొన్ని అకౌంట్ల నుంచి ఆయనకి మెయిల్స్ మొదలయ్యాయి. ఇంత లేట్ ఎందుకు, చేతకాకపోతే వేరేవాళ్లకి ఇచ్చెయ్ అనే టైపులో. ఒక్క బూతు మాట లేదు, గమనించండి. తనకి చాలాకాలంగా మానసిక ఆరోగ్య సమస్యలున్నాయని, ఇది డబ్బులు రాని హాబీ ప్రాజెక్ట్ అని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా ఒత్తిడి ఆగలేదు.

అప్పటికే అక్కడ జియా టాన్ అనే పేరుతో ఒకరున్నారు. 2021 నుంచి ప్యాచ్‌లు పంపుతూ, చాలా ఓపిగ్గా, చాలా పద్ధతిగా. నెమ్మదిగా మెయింటెయినర్ అయ్యారు. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ పెట్టేశారు. మనవాళ్లు అంటారు చూడండి, తడిగుడ్డతో గొంతు కోయడం అని, అచ్చం అదే. ఆ ఒత్తిడి మెయిల్స్ పెట్టిన అకౌంట్లు కూడా ఇదే ప్లాన్‌లో భాగమని సెక్యూరిటీ వాళ్లలో చాలామంది అనుమానం.

దొరికింది ఎలాగో తెలుసా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీర్‌కి ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను లేట్ అవుతోందని డౌటొచ్చింది. తవ్వాడు, మార్చి 29న బయటపెట్టాడు.

సో నా లెక్క ఏంటంటే, కోడ్‌ని ఎంత గట్టిగా అన్నా నాకు ఓకే. "ఇది మెమరీ లీక్ చేస్తోంది, మెర్జ్ చెయ్యను" అన్న మాటలో అవమానం లేదు. నేను చూసేది ఎదుటి మనిషికి 'నో' చెప్పే వీలుందా లేదా అని. లైనస్ తిట్ల ముందు కొత్తగా వచ్చినవాళ్లకి ఆ వీలు లేదు. ఆ మర్యాద మెయిల్స్ ముందు లాసే కాలిన్‌కీ లేదు. మన ఇష్యూల కింద మనం పెట్టే "ఎనీ అప్‌డేట్?" ఉంది చూశారూ, అది పదిమంది పెడితే అటువైపు ఎలా ఉంటుందో ఎక్స్‌జెడ్ మెయిల్స్ చదివితే తెలుస్తుంది. అన్నీ పబ్లిక్‌గానే ఉన్నాయి, గంటలో అయిపోతాయి.

అన్నట్టు లాసే కాలిన్ వదిలేసి వెళ్లిపోలేదు. తిరిగొచ్చి, బ్యాక్‌డోర్ తీసేసి, ఆ మే నెలలో 5.6.2 రిలీజ్ చేశాడు. మీకు కోడ్ రివ్యూలో తగిలిన మాటలేమైనా ఉంటే కామెంట్స్‌లో రాయండి, పేర్లు వద్దు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.