సౌమ్య గుగులోత్, మా కాలేజీ గ్రౌండ్

ఈరోజు ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. ముందు నా తప్పొకటి చెప్పాలి.

విజయవాడలో బీటెక్ చదివే రోజుల్లో ఒక జూనియర్ అమ్మాయి గ్రౌండ్‌కి వచ్చి, "అన్నా, నేనూ ఆడొచ్చా?" అని అడిగింది. "టీమ్ ఫుల్ అయిపోయిందమ్మా" అన్నాడు మావాడొకడు. నిజానికి ఆరోజు మాకు ఇద్దరు తక్కువ! అది తెలిసీ నేను నోరెత్తలేదు. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు.

ఇప్పుడు సౌమ్య గుగులోత్‌ని చూడండి. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబంలో పుట్టింది. ఇండియా జెర్సీ వేసుకుంది. 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ ఆమెని తీసుకుంది. 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. ఆ సీజన్‌కి ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఉత్తమ క్రీడాకారిణి కూడా తనే.

"టాలెంట్ ఉంటే ఎలాగైనా పైకొస్తారు బ్రో" అంటాం కదా? ఆ టాలెంట్ బయటపడాలంటే ముందు కాలికి బంతి తగలాలి. సౌమ్యకి ఎవరో ఒకరు బంతి ఇచ్చారు. మేం ఇవ్వలేదు. అంతే తేడా.

సాయంత్రం ఆడటానికి వెళ్తారుగా, గట్టు మీద నిలబడి చూసేవాళ్లు కనిపిస్తే, వాళ్లు అడిగేదాకా ఆగకండి. "వస్తావా?" అని మీరే పిలవండి. ఎవరిని పిలిచారో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!